తూకం కేంద్రకానిది, ధర ఎలక్ట్రాన్లది

తెల్ల చొక్కా మీద పడిన పప్పు మరకకు సబ్బు రుద్దితే అది పోదు సరికదా, ఎర్రబడుతుంది. కంగారుపడి నీళ్లు గుమ్మరించి జాడిస్తే తిరిగి పసుపు తేలుతుంది. ఎండన ఆరేస్తే సాయంత్రానికి చాలావరకు తెల్లబడిపోతుంది. కొత్త కోడలికో, ఆస్పత్రి నుంచి బిడ్డతో ఇంటికొచ్చిన బాలింతకో గుమ్మంలో దిష్టి తీసే ఎర్రనీళ్లదీ ఇదే లెక్క. పళ్లెంలో పసుపు నీళ్లు, అందులో చిటికెడు సున్నం. మన ఇళ్లలో ఇంతమంది ఆడవాళ్లు ఇన్ని తరాలుగా చేస్తూ వచ్చిన రసాయన ప్రయోగం ఇంకొకటి ఉండదేమో. అయినా ఆ పళ్లెంలో అసలు జరిగేదేమిటని ఎవరైనా అడిగితే చదువుకున్నవాళ్లం కూడా 'ఏదో రియాక్షన్' అని మాట దాటేస్తాం.

ఈ ప్రశ్న అడగాలంటే పెర్కిట్‌లో అడగాలి. నిజామాబాద్ జిల్లా ఆర్మూరు మున్సిపాలిటీలో కలిసిపోయిన ఈ ఊరి దగ్గర రెండు జాతీయ రహదారులు కలుస్తాయి. దేశాన్ని ఉత్తర దక్షిణాలుగా కలిపే 44వ నంబరుది ఒకటి, నిజామాబాద్ నుంచి మెట్‌పల్లి, జగిత్యాల మీదుగా జగదల్‌పూర్ దాకా పోయే 63వ నంబరుది మరొకటి. సంక్రాంతి దాటిందంటే ఈ దారుల్లో పసుపు సంచుల బండ్లు మొదలవుతాయి. తొమ్మిది నెలల పంట. తవ్వాలి, ఉడకబెట్టాలి, కల్లంలో పది పదిహేను రోజులు ఎండబెట్టాలి, డ్రమ్ములో తిప్పి పాలిష్ పట్టాలి. ఇంత చేసి సంచి కట్టాక కొమ్ముకు ఒక ధర, గోళకు ఒక ధర. ఎండు సరిగా ఉందా, కొమ్ము విరిస్తే లోపల రంగు ఎలా ఉంది అని చూడటం ఎప్పటినుంచో ఉన్నదే. ఇప్పుడు బేరంలోకి ఇంకో మాట వచ్చి చేరింది. 'మీ దాంట్ల కర్‌క్యుమిన్ తక్కువుంటది పటేలా' అంటాడు కొనేవాడు. ఆ కర్‌క్యుమిన్‌ను రైతు చూడలేడు, తూచలేడు. నిజమేనా, అబద్ధమా అని నిలదీయనూ లేడు.

కనిపించని దాని పేరుతో ధర తగ్గుతున్నప్పుడు ఆ కనిపించనిదేమిటో తెలుసుకోవడం శాస్త్రవేత్తల సరదా మాత్రమే కాదు. అందుకే ఈసారి ఈ సంపాదకీయం పరమాణువు గురించి.

పసుపుకు ఆ రంగునిచ్చే పదార్థమే కర్‌క్యుమిన్. దాన్ని 1815లో వోగెల్, పెల్లెటియర్ అనే ఇద్దరు యూరప్ శాస్త్రవేత్తలు పసుపు నుంచి వేరు చేశారు. దాని లోపలి కూర్పు ఏమిటో తేల్చడానికి మరో తొంభై అయిదేళ్లు పట్టింది. 1910లో మిలోబెంద్జ్కా, కొస్తానెత్స్కీ, లాంపే అనే పోలిష్ రసాయనవేత్తలు ఆ పని చేశారు. ఒక్కో అణువులో 21 కార్బన్, 20 హైడ్రోజన్, 6 ఆక్సిజన్, మొత్తం 47 పరమాణువులు. రెండు చివరలా చెరో ఆరు కార్బన్ల వలయం, మధ్యలో ఏడు కార్బన్ల గొలుసు. ఇక్కడ తేదీని కాస్త గమనించాలి. పరమాణువు మధ్యలో కేంద్రకం ఉందన్న సంగతి లోకానికి తెలిసింది 1911లో. అంటే పరమాణువు నడుమ ఏముందో ఎవరికీ తెలియక ముందే, పసుపులోని 47 పరమాణువులూ ఏది ఏ వరుసలో ఉందో మనిషి చెప్పగలిగాడు. ఇంటి లోపలికి అడుగు పెట్టకుండానే వీధి పటం గీసిన ఆ పనితనానికి రావలసినంత పేరు రాలేదు. మన పాఠ్యపుస్తకాల్లోనూ వాళ్లు లేరు.

అంతకు ఎంతో ముందు మన దేశంలో కణాదుడి పేరిట నిలిచిన వైశేషిక దర్శనం ఇదే దారిలో ఇంకో కొస నుంచి బయలుదేరింది. దేన్నయినా విడగొట్టుకుంటూ పోతే ఎక్కడో ఒకచోట ఆగాలి. ఆగకపోతే ఆవగింజలోనూ అంతులేని భాగాలే, మేరు పర్వతంలోనూ అంతులేని భాగాలే, ఇక రెంటికీ తేడా ఏముంటుంది? ఇదీ ఆ వాదం. చూరు కంతలోంచి పడే ఎండలో తిరిగే నలకను వాళ్లు కంటికి ఆనే కనీస పరిమాణంగా తీసుకున్నారు. రెండేసి పరమాణువులు కలిస్తే ఒక ద్వ్యణుకం, అలాంటివి మూడు కలిస్తే ఆ నలక. మొత్తం ఆరు పరమాణువులన్నమాట. పసుపు గోదాములో రేకు సందులోంచి ఎండ పడినప్పుడు చూస్తే అలాంటి నలకలు లెక్కలేనన్ని. మిల్లీమీటరులో నూరో వంతు ఉండే ఒక పసుపు నలకలో పరమాణువులు ఆరు కావు, దాదాపు యాభై లక్షల కోట్లు. లెక్క కుదరలేదు. చేతిలో పరికరం లేకుండా, తర్కం ఒక్కటే పట్టుకుని నడిచినవాళ్లకు లెక్క తప్పడంలో వింత లేదు. ఎక్కడో ఆగాలన్న ఊహ మాత్రం తప్పలేదు. మన పూర్వులు అన్నీ ముందే కనిపెట్టారని చెప్పుకోవడం ఎంత తొందరపాటో, వాళ్లకేమీ తెలియదని కొట్టెయ్యడం అంతే తొందరపాటు.

ఇక 1911 సంగతి. ఇంగ్లండులోని మాంచెస్టర్‌లో రూథర్‌ఫర్డ్ దగ్గర గైగర్ అనే జర్మన్, మార్స్‌డెన్ అనే ఇరవై ఏళ్ల కుర్రవాడు పని చేస్తుండేవారు. రేడియం నుంచి వెలువడే ఆల్ఫా కణాలను పల్చటి లోహపు రేకుల మీదికి పంపి, చీకటి గదిలో కూర్చుని, తెర మీద మెరిసే చుక్కలను కళ్లతో లెక్కపెట్టడం వాళ్ల పని. బంగారు రేకు మీద పడిన కణాలు దాదాపు అన్నీ రేకు లేనట్టే దూసుకుపోయాయి. వేలల్లో ఒకటి మాత్రం వెనక్కి తిరిగి వచ్చింది. ఆ వెనక్కి వచ్చిన ఒక్కదాన్ని పొరపాటు కింద కొట్టెయ్యకుండా దాని మీదే ఏడాదికి పైగా ఆలోచించడం రూథర్‌ఫర్డ్ గొప్పతనం. పరమాణువులోని ధనావేశమంతా, బరువు దాదాపు మొత్తమూ నడిమధ్య అతి చిన్న చోట ఇమిడి ఉండాలని ఆయన తేల్చాడు. దాని చుట్టూ అంతకు పద్నాలుగేళ్ల ముందు, 1897లో జె.జె. థామ్సన్ కనిపెట్టిన ఎలక్ట్రాన్లు. కేంద్రకంలో ప్రోటాన్లతో పాటు ఆవేశం లేని న్యూట్రాన్లు కూడా ఉన్నాయని చాడ్విక్ చూపించేసరికి 1932 వచ్చింది.

ఎంత చిన్న చోటు? పెర్కిట్ చౌరస్తా నడుమ ఒక పసుపు గోళను పెట్టండి. కార్బన్ పరమాణువు కేంద్రకం అంతే ఉందనుకుంటే దాని ఎలక్ట్రాన్ల హద్దు ఏ పక్కకు నడిచినా దాదాపు కిలోమీటరు దూరాన ఉంటుంది. ఆర్మూరు వైపు కిలోమీటరు, నిర్మల్ దారిలో కిలోమీటరు, తలపైన ఆకాశంలోకి కిలోమీటరు. మధ్యలో ఆ గోళ ఒక్కటే. మిగిలిన చోటంతా ఆరు ఎలక్ట్రాన్లది. వాటి బరువు ఎంతంటే, మొత్తం పరమాణువు బరువులో మూడు వేల ఆరు వందలవ వంతు కూడా లేదు.

ఈ లెక్కను మార్కెట్ యార్డు దాకా తీసుకెళ్తే ఒక తమాషా బయటపడుతుంది. క్వింటాల్ పసుపులోని కేంద్రకాలన్నిటినీ సందు లేకుండా ఒకచోట కూర్చగలిగితే వచ్చే ముద్ద ఎంతుంటుందో తెలుసా? మిల్లీమీటరులో నూరో వంతు. అంటే ఇందాకటి గోదాములో ఎండలో తిరిగిన నలకంత. హమాలీ వీపు మీద మోసేదీ, కాంటా తూచేదీ దాదాపుగా ఆ నలకనే. సంచి ఉబ్బుగా కనిపించడానికి, కొమ్ము చేతికి గట్టిగా తగలడానికి, ఒకదాని మీద ఒకటి పేర్చిన సంచులు ఒకదాంట్లోకి ఒకటి దిగిపోకుండా ఉండటానికి కారణం మాత్రం దాదాపు బరువే లేని ఆ ఎలక్ట్రాన్లు. అవి ఒకదాని చోట్లోకి ఇంకొకదాన్ని రానివ్వవు.

రంగు కూడా వాటిదే. ఇక్కడ బడి పుస్తకంలోని బొమ్మ మనకు కాస్త అడ్డం వస్తుంది. నడుమ ఒక చుక్క, చుట్టూ గుండ్రటి గీతలు, గీతల మీద చిన్న చిన్న చుక్కలు. 1913లో నీల్స్ బోర్ ఇచ్చిన ఆలోచనకు అది తొలి రూపం. ఎలక్ట్రాన్ ఎంత శక్తితోనైనా ఉండలేదు, కొన్ని నిర్ణీత శక్తి స్థాయిల్లోనే ఉంటుందన్నది అందులో నిలిచిన నిజం. గుండ్రటి దారులు నిలవలేదు. 1926లో ష్రోడింగర్ సమీకరణం వచ్చాక ఎలక్ట్రాన్ ఫలానా చోట ఉందని చెప్పడం పోయి, ఫలానా చోట కనిపించే అవకాశం ఎంత అని చెప్పడం వచ్చింది. కర్‌క్యుమిన్ విషయంలో అయితే ఆ బొమ్మ బొత్తిగా పనికిరాదు. అందులో 194 ఎలక్ట్రాన్లు ఉన్నాయి. వాటిలో చాలావరకు తమ తమ పరమాణువుల దగ్గరో, రెండు పరమాణువుల మధ్యనో ఉంటాయి. కొన్ని మాత్రం ఏ ఒక్క పరమాణువుకూ చెందవు. వలయం నుంచి గొలుసు మీదుగా అవతలి వలయం దాకా పరుచుకుని ఉంటాయి. ఎలక్ట్రాన్ పరుచుకునే మేర పెరిగేకొద్దీ దాన్ని పై స్థాయికి లేపడానికి కావలసిన శక్తి తగ్గుతుంది. కర్‌క్యుమిన్‌లో ఆ శక్తి సరిగ్గా ఊదా, నీలి రంగు వెలుగులో ఉన్నంత. ఎండలోంచి ఆ నీలాన్ని అది మింగేస్తే మిగిలి మన కంటికి చేరేదే పసుపు.

ఇప్పుడు దిష్టి పళ్లెంలోకి వద్దాం. సున్నం క్షారం. అది కర్‌క్యుమిన్ నుంచి హైడ్రోజన్‌ను లాగుతుంది. హైడ్రోజన్ అంటే ఒక ప్రోటాన్, ఒక ఎలక్ట్రాన్, అంతే. పోయేటప్పుడు అది తన ఎలక్ట్రాన్‌ను అక్కడే వదిలేసి ఉత్త కేంద్రకంగా వెళ్లిపోతుంది. వదిలేసిన ఎలక్ట్రాన్ల వల్ల అణువు పొడవునా పంపకం మారుతుంది, లేవడానికి కావలసిన శక్తి ఇంకా తగ్గుతుంది. నీలంతో సరిపెట్టుకున్నది ఆకుపచ్చ వైపు కూడా మింగడం మొదలుపెడుతుంది. మిగిలేది ఎరుపు. నిమ్మకాయ పిండితే హైడ్రోజన్ కేంద్రకాలు తిరిగి వస్తాయి, పసుపు తిరిగి వస్తుంది. సబ్బు రుద్దిన మరకలో జరిగిందీ ఇదే, సబ్బులోనూ క్షారగుణం ఉంది. ఎండలో ఆరేసిన చొక్కా కథ వేరు. అక్కడ వెలుగే అణువును తెంపేస్తుంది. పొడవాటి గొలుసు తెగి చిన్న ముక్కలయ్యాక ఎలక్ట్రాన్లకు పరుచుకునే చోటు ఉండదు, అవి కంటికి కనిపించే వెలుగు దేన్నీ తీసుకోలేవు. పరమాణువు ఒక్కటీ నశించలేదు. వాటి పొందిక చెదిరింది, రంగు పోయింది.

పసుపుతో కుంకుమ చేసే పద్ధతిలో పటిక, నిమ్మరసంతో పాటు వెలిగారం కూడా వేస్తారు. నిమ్మరసం పడితే ఎరుపు పోవాలి కదా, కుంకుమ ఎర్రగానే ఎందుకుంటుంది? వెలిగారంలో బోరాన్ ఉంది. దానికి ఉన్నవే అయిదు ఎలక్ట్రాన్లు, బయటి వరుసలో మూడు. అలా ఉండటం వల్ల దాని సమ్మేళనాల్లో ఇంకో జంటకు చోటు ఖాళీగా మిగులుతుంది. కర్‌క్యుమిన్ గొలుసు నడుమ ఉన్న ఆక్సిజన్లు తమ జంటలతో ఆ ఖాళీని నింపి బోరాన్‌ను పట్టుకుంటాయి. ఎరుపు నిలుస్తుంది. పసుపు ద్రావణంలో తడిపి ఆరబెట్టిన కాగితాన్ని బోరిక్ ఆమ్లం ఉందో లేదో చూడటానికి రసాయన ప్రయోగశాలల్లో ఎంతోకాలంగా వాడుతున్నారు. ఆమ్లం తగిలి ఆరితే ఎర్రబారుతుంది. కుంకుమ చేసిన మన అమ్మమ్మలకు బోరాన్ తెలియదు. చేతికి తెలుసు.

మళ్లీ బేరం దగ్గరికి. 'కర్‌క్యుమిన్ శాతం' అని ప్రయోగశాల కాగితం మీద రాసే అంకె ఎక్కడి నుంచి వస్తుంది? పసుపు పొడి నుంచి రంగును ద్రావకంలోకి దింపి, ఆ ద్రావణంలోంచి 425 నానోమీటర్ల వెలుగును, అంటే ఊదాకూ నీలానికీ మధ్య వెలుగును పంపి ఎంత మింగిందో కొలుస్తారు. అంతకు మించి ఇందులో మంత్రం లేదు. ఎలక్ట్రాన్లు ఎంత నీలాన్ని తాగాయన్నదే ఆ అంకె. కాంటా కేంద్రకాలను తూస్తుంది, కర్‌క్యుమిన్ పరీక్ష ఎలక్ట్రాన్లను తూస్తుంది. తాతల కాలం నుంచీ పెర్కిట్ రైతు కేంద్రకాలకు డబ్బు తీసుకున్నాడు. ఇకమీదట ఎలక్ట్రాన్లకు తీసుకోవలసి వస్తోంది. మొదటి కాంటా ఎలా పని చేస్తుందో అతనికి తెలుసు. ముల్లు ఎటు వాలిందో చూస్తాడు, తేడా ఉంటే గొడవ పెట్టుకుంటాడు. రెండో కాంటా అతని ఎదుట లేదు. మేఘాలయ లకడాంగ్ పసుపులో కర్‌క్యుమిన్ ఏడు శాతం దాకా ఉంటుంది కాబట్టి దానికి ఎక్కువ ధర అంటారు. నిజమే. ఇక్కడి రకాల్లో అంత ఉండదు. అదీ నిజమే. కానీ ఒక్కో చేనుకు, ఒక్కో విత్తనానికి, ఉడకబెట్టిన తీరుకు మారే అంకెను జిల్లా మొత్తానికి ఒక నోటిమాటగా చెప్పి ధర కట్టడం న్యాయం కాదు.

ఎలక్ట్రాన్ల పరీక్ష రైతుకు నష్టమే తెస్తుందనుకోనక్కర్లేదు. ఇంకో ఎలక్ట్రాన్ పరీక్ష ఉంది, దాని గురించి మన దగ్గర చాలినంత మాట్లాడుకోవడం లేదు. పాలిష్ దశలో కొమ్ములు మెరవడానికి కొన్ని దేశాల్లో, కొన్ని చోట్ల లెడ్ క్రోమేట్ అనే పచ్చటి పొడి కలుపుతారు. సీసం, క్రోమియం, ఆక్సిజన్ కలిసిన విషం అది. పండించినవాడు చేసే పని కాదిది, చేతులు మారాక జరిగేది. మన దేశంలో ఆహార భద్రతా నియమాల ప్రకారం పసుపులో లెడ్ క్రోమేట్ అసలు కనిపించకూడదు. ఒంట్లోకి చేరిన సీసాన్ని శరీరం కాల్షియం అనుకుని ఎముకల్లోకీ, మెదడులోకీ రానిస్తుంది. పిల్లల్లో దానికి ఫలానా మోతాదు వరకు ఫరవాలేదనే హద్దు లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది.

కంటికి కర్‌క్యుమినూ పసుపే, లెడ్ క్రోమేటూ పసుపే. తేడా పట్టించేది పరమాణువు లోపలి వరుస. 1913లో, అదే మాంచెస్టర్‌లో, హెన్రీ మోస్లే అనే యువకుడు ఒక్కో మూలకం నుంచి వెలువడే ఎక్స్-కిరణాలను కొలిచాడు. లోపలి వరుసలోని ఎలక్ట్రాన్ ఒకటి ఎగిరిపోతే పై వరుసలోనిది ఆ ఖాళీలోకి దిగుతుంది, దిగుతూ ఒక ఎక్స్-కిరణాన్ని వదులుతుంది. ఆ కిరణం శక్తి కేంద్రకంలోని ప్రోటాన్ల సంఖ్యను బట్టి ఉంటుంది. ఏ మూలకానికి ఆ మూలకానిదే, అటూ ఇటూ ఉండదు. అంతవరకు బరువు వరుసలో నిలబెట్టిన మూలకాలకు మోస్లే అసలైన వరుస సంఖ్య ఇచ్చాడు. కోబాల్ట్ బరువు నికెల్ కన్నా ఎక్కువైనా దాని చోటు ముందే ఎందుకో అప్పటికి గానీ అర్థం కాలేదు. ఆయన మొదటి విడతలో కొలిచిన మూలకాల్లో క్రోమియం ఒకటి, సంఖ్య 24. సీసానిది 82. 1915 ఆగస్టులో గల్లిపోలి యుద్ధంలో మోస్లే చనిపోయాడు. ఇరవై ఏడేళ్లు.

ఆ పద్ధతే ఇవాళ చేతిలో పట్టుకునే పరికరంగా వచ్చింది. పసుపుకు గురిపెట్టి మీట నొక్కితే కాసేపట్లో 82 ఉందో లేదో చెప్పేస్తుంది. పొరుగున బంగ్లాదేశ్‌లో ఢాకాలోని పరిశోధన సంస్థ ఐసీడీడీఆర్‌బీ, అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం శాస్త్రవేత్తలు కలిసి మార్కెట్లలో పసుపును పరీక్షించారు. 2019లో 47 శాతం నమూనాల్లో సీసం దొరికింది. ప్రభుత్వం కదిలింది. అధికారులు ఆ పరికరాలు పట్టుకుని టోకు మార్కెట్‌కు వెళ్లారు, అందరి ఎదుట పరీక్షించారు, జరిమానాలు వేశారు, పత్రికలు రాశాయి. 2021 నాటికి 47 శాతం సున్నా అయింది. రెండేళ్లలో. ఇంత తక్కువ ఖర్చుతో ఇంతమంది పిల్లల మెదళ్లను కాపాడిన పని ఈ మధ్యకాలంలో అరుదు.

ఎక్స్-కిరణాలతో పరమాణువు లోపలి వరుసలను చదివే విద్య తెలుగువాళ్లకు కొత్తేమీ కాదు. భీమవరం దగ్గర గొరగనమూడిలో 1896లో పుట్టిన భూపతిరాజు లక్ష్మీనరసింహరాజు సన్యాసం తీసుకుని స్వామి జ్ఞానానంద అయ్యారు. హిమాలయాల్లో తపస్సు చేశారు, తర్వాత యూరప్ వెళ్లి ప్రేగ్‌లో ఎక్స్-కిరణాల వర్ణపటాల మీద పరిశోధన చేశారు. అక్కడి నుంచి లివర్‌పూల్‌కు వెళ్లి న్యూట్రాన్ కనిపెట్టిన చాడ్విక్ దగ్గరే బీటా కిరణాల మీద పనిచేశారు. తిరిగొచ్చి ఆంధ్ర విశ్వవిద్యాలయంలో అణు భౌతికశాస్త్ర విభాగానికి పునాది వేశారు. అదే విశ్వవిద్యాలయంలో పరమాణు వర్ణపటాలకు కొచ్చర్లకోట రంగధామరావు ఒక పరిశోధన పరంపరనే నిలబెట్టారు. ఇద్దరినీ మనం దాదాపు మరిచిపోయాం.

బీటా కిరణాలనగానే పెర్కిట్ రైతుకు సంబంధం లేని సంగతి అనుకోకండి. పసుపు పంటకు పొటాష్ వేస్తారు. పంటలోకి పొటాషియం బాగానే ఎక్కుతుంది, వంద గ్రాముల పసుపు పొడిలో రెండు గ్రాముల దాకా ఉంటుంది. ప్రకృతిలోని పొటాషియం పరమాణువుల్లో దాదాపు పది వేలకు ఒకటి చొప్పున కేంద్రకం నిలకడ లేనిది. 19 ప్రోటాన్లు, 21 న్యూట్రాన్లు, మొత్తం 40. దానంతటదే, ఎప్పుడో చెప్పలేని క్షణాన, చాలాసార్లు ఒక ఎలక్ట్రాన్‌ను విసిరేసి కాల్షియం అయిపోతుంది. అదే బీటా కిరణం. వంటింటి డబ్బాలో వంద గ్రాముల పసుపు ఉంటే అందులో సెకనుకు అరవై దాకా ఇలా జరుగుతుంటాయి. భయపడనక్కర్లేదు, మన ఒంట్లోని పొటాషియంలోనే సెకనుకు నాలుగు వేలకు పైగా జరుగుతున్నాయి. అవి జరగని మనిషి ఏనాడూ పుట్టలేదు.

ఈ మార్పుకు దాని తీరిక దానిది. ఉన్న కేంద్రకాల్లో సగం మారడానికి 125 కోట్ల ఏళ్లు పడుతుంది. ఆర్మూరు మీదికి తొంగి చూసే నవనాథ సిద్ధుల గుట్ట రాళ్లలోనూ పొటాషియం ఉంది. ఈ ప్రాంతపు గ్రానైటు వయసు దాదాపు 250 కోట్ల ఏళ్లు. రాయి గట్టిపడ్డ నాడు ఉన్న ఆ నిలకడ లేని పొటాషియంలో ఇవాళ్టికి మిగిలింది నాలుగో వంతు. మిగతాది కాల్షియమూ ఆర్గానూ అయిపోయింది. గుట్టకు మొక్కడానికి ఎక్కేవాళ్లు ఎక్కుతూనే ఉంటారు, గుట్ట తన లెక్క తాను చూసుకుంటూ ఉంటుంది. పరమాణువు అనగానే మనకు హిరోషిమా గుర్తుకొస్తుంది, ఆ తర్వాత హైదరాబాద్‌లోని న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్స్, కడప జిల్లా తుమ్మలపల్లె యురేనియం గని గుర్తుకొస్తాయి. అవన్నీ కేంద్రకం కథలు, కోపంతోనో అవసరంతోనో దాన్ని కదిలించిన కథలు. మన దినం గడిచేది మాత్రం నూటికి తొంభై తొమ్మిది పాళ్లు ఎలక్ట్రాన్లతో. కూర ఉడకడం, బట్ట రంగు దిగడం, సున్నం నోరు పొక్కించడం, ఫోను వెలగడం, అన్నీ వాటి పనే.

మన బడి పుస్తకాల్లో తొమ్మిదో తరగతి నుంచే పరమాణువు పాఠం ఉంది. పిల్లలు గీతలు గీస్తారు, చుక్కలు పెడతారు, సోడియంకు రెండు, ఎనిమిది, ఒకటి అని అప్పజెబుతారు. పరీక్షలో మార్కులు కూడా వస్తాయి. ఇంట్లో కల్లం నిండా ఆరిన పసుపుకూ, నోటుబుక్కులోని ఆ గీతలకూ ఏదైనా సంబంధం ఉందని వాళ్లకు ఎవరూ చెప్పరు. తప్పు పిల్లలది కాదు, గంటలో పాఠం ముగించాల్సిన ఉపాధ్యాయులది కూడా పూర్తిగా కాదు. కానీ ఆర్మూరు చుట్టుపక్కల ఏ బడిలోనైనా ఈ పాఠం రోజున బల్ల మీద ఒక గ్లాసు పసుపు నీళ్లు, కాస్త సున్నం, ఒక నిమ్మకాయ పెట్టడానికి ఖర్చేముంది? ప్రభుత్వ ఉత్తర్వు కోసం ఆగాల్సిన పని కాదిది.

ఉత్తర్వు కావలసిన పని వేరే ఉంది. ఎన్నో ఏళ్లు అడిగి, 2019 లోక్‌సభ ఎన్నికల్లో 178 మంది రైతులు నామినేషన్లు వేసి బరిలో నిలబడి, చివరకు సాధించుకున్న జాతీయ పసుపు బోర్డు ఇప్పుడు నిజామాబాద్‌లోనే ఉంది. 2025 జూన్ 29న దాని కార్యాలయం మొదలైంది. ఎగుమతులు, కొత్త వంగడాలు, ప్రాసెసింగ్ యూనిట్లు అన్నీ కావలసినవే. వాటికన్నా ముందు ఒక చిన్న పని చేయవచ్చు. పంట వచ్చే కాలంలో పెర్కిట్‌లోనూ, నిజామాబాద్ యార్డులోనూ కర్‌క్యుమిన్ కొలిచే పరికరం ఒకటి, సీసాన్ని పట్టే ఎక్స్-కిరణాల పరికరం ఒకటి, ఎవరైనా వచ్చి చూసేలా, కాంటా పక్కనే పెట్టాలి. రైతు తెచ్చిన పసుపును అతని ఎదుటే పరీక్షించి, వచ్చిన అంకెను తెలుగులో రాసి అతని చేతికివ్వాలి. ఆ కాగితం చూపించాక ధర తగ్గించేవాడు అంకె చూపించే తగ్గించాలి. సీసం లేదని తేలిన సరుకుకు ఆ మాటే ముద్రగా పడితే మహారాష్ట్రలోని సాంగ్లీ మార్కెట్ దాకా వెళ్లినా, సముద్రం దాటినా ఇక్కడి పసుపు తలెత్తుకుని అమ్ముడుపోతుంది. వచ్చే సంక్రాంతికి కొత్త పసుపు దిగేలోపు బోర్డు ఈ పని మొదలుపెట్టాలని కోరుతున్నాం.